గొలుసుతో కాదు, వించ్‌తో లాగండి

తుంగభద్ర ఎడమ కాలువకు నీళ్లొదిలి దమ్ములు మొదలయ్యాయంటే చాలు, సింధనూరు, గంగావతి, కారటగి, మాన్వి వైపు ఏ క్యాంపుకెళ్లినా ఒకటే దృశ్యం. మడిలో ఒక ట్రాక్టరు దిగబడి ఉంటుంది. దాన్ని లాగడానికి ఇంకో ట్రాక్టరు వస్తుంది. మధ్యలో గొలుసు. గట్టు మీద పదిమంది చేరి 'రేజ్ ఇవ్వరా, ఇంకా ఇవ్వు' అని కేకలు. మొదటిది బయటికొస్తే సరే. రాకపోతే రెండోదీ దిగుతుంది, మూడోదానికి కబురు పోతుంది. సాయంత్రం టీ హోటల్లో నవ్వుకుంటూ చెప్పుకునే సంగతిగా మిగిలిపోతే దీని గురించి రాయాల్సిన పనే లేదు. కానీ ఈ లాగుడులోనే ప్రాణాలు పోతాయి.

వెనక చక్రాలు బురదలో బిగుసుకుపోయి తిరగనప్పుడు ఇంజన్ బలం ఎటు పోతుంది? చక్రం తిరగకపోతే ట్రాక్టరే ఇరుసు చుట్టూ తిరగడానికి చూస్తుంది. ముందు చక్రాలు లేస్తాయి. గొలుసును ఇరుసు కంటే పైన, టాప్ లింక్ దగ్గర తగిలిస్తే ఇక చెప్పక్కర్లేదు. ముందు భాగం లేవడం మొదలయ్యాక ముప్పావు సెకనులోపే అది ఆపలేని చోటికి చేరుతుంది, సెకనున్నరలో బోర్లా పడుతుంది. క్లచ్ తొక్కుదాంలే అనుకునే వ్యవధి కూడా డ్రైవరుకు ఉండదు. మన ట్రాక్టర్ల మీద ఉండే టాపు ఎండ కోసమే తప్ప బరువు ఆపడానికి కాదు. చక్రాలకు తుమ్మ మొద్దు కట్టి ఎక్కించే అలవాటు ఇంకా చేటు. మొద్దు అడ్డం పడి చక్రం ఆగిందంటే జరిగేది అదే.

గొలుసు సంగతి సరేసరి. 2024 ఆగస్టు 10 రాత్రి మన డ్యామ్ 19వ గేటు గొలుసు తెగి గేటే కొట్టుకుపోయింది. మన ఆయకట్టంతా గుండె చేత్తో పట్టుకుని కూర్చున్న రోజులవి. డ్యామ్ గొలుసుకే ఆ గతి పడితే, కొట్టంలో మూలన తుప్పు పట్టిన గొలుసును ఏం నమ్ముతాం? నైలాన్ తాడు మెత్తగా కనిపిస్తుంది గానీ అదీ తక్కువది కాదు. రబ్బరులా సాగి, తెగినప్పుడు చివరనున్న కొక్కేన్ని విసిరికొడుతుంది. అది తగిలితే మనిషి బతకడు.

దీనికి మందు కొత్తదేం కాదు. కరెంటు వాళ్లు స్తంభాలు నిలబెట్టేటప్పుడు, తీగలు బిగించేటప్పుడు వాడే చేతి వించ్‌ను మనలో చాలామంది చూసే ఉంటారు. పొడవాటి ఇనుప హేండిల్‌ను ముందుకీ వెనక్కీ ఆడిస్తే ఉక్కు రోప్ కొంచెం కొంచెంగా లోపలికి వస్తుంది. లోపల రెండు జతల దవడలుంటాయి. బావిలో చేద తోడేవాడి రెండు చేతుల్లాగా ఒకటి పట్టుకుంటే ఇంకోటి వదులుతుంది. హేండిల్ వదిలేసినా రోప్ వెనక్కి జారదు. మరీ ఎక్కువ బరువు పడితే లోపలి పిన్నులు తెగి లాగడం ఆగిపోతుంది గానీ రోప్ తెగేదాకా పోనివ్వదు. అన్నిటికంటే ముఖ్యం, లాగే ట్రాక్టరు సీటు మీద ఎవరూ కూర్చోనక్కర్లేదు. అసలు లాగే ట్రాక్టరే అక్కర్లేదు.

బలం చాలుతుందా అంటారు. యాభై గుర్రాల ట్రాక్టరు సుమారు రెండు టన్నులుంటుంది. చక్రం లోతు దిగితే దాని బరువంత బలం కావాలి, మడ్‌గార్డు దాకా దిగితే దానికి రెట్టింపు. అంటే నాలుగు టన్నులు. 3.2 టన్నుల వించ్‌కు ఒక కప్పీ జోడిస్తే చాలు. కప్పీని దిగబడిన ట్రాక్టరుకు కట్టి, రోప్‌ను దాని చుట్టూ తిప్పి, కొసను మళ్లీ గట్టు మీద లంగరుకు కట్టాలి. రాపిడికి కొంత పోయినా బలం దాదాపు రెట్టింపవుతుంది, వేగం సగమవుతుంది. వేగంతో మనకేం పని? చక్రాల ముందు బురద పారతో తీసేసి, వచ్చిన దారినే వెనక్కి, కింద ఉండే డ్రాబార్ పట్టుకుని లాగితే ఇంకా తేలిక. స్టీరింగ్ రాడ్డుకు మాత్రం కట్టకండి.

చిక్కంతా లంగరు దగ్గరే. అడవిలో జీపులు నడిపేవాళ్లకు పక్కనే చెట్లుంటాయి. మన మాగాణిలో కనుచూపు మేరలో చెట్టుండదు. నల్లరేగడి, కన్నడంలో ఎరె భూమి అంటాం కదా, తడిస్తే మేకును కూడా నిలవనివ్వదు. గట్టి గట్టు మీద నడుంలోతు గొయ్యి తీసి, తుమ్మ మొద్దును లాగే దిక్కుకు అడ్డంగా పాతి, రోప్ వచ్చే వైపు ఏటవాలు కాలువ తవ్వితే అది కదలదు. మొద్దు దొరక్కపోతే స్టెప్నీ టైరు పాతినా పనిచేస్తుంది. అంత తీరిక లేకపోతే రోడ్డు మీద ఇంకో ట్రాక్టరు నిలిపి, చక్రాలకు రాళ్లు పెట్టి, దాన్నే లంగరు చేసుకోవచ్చు. అది లాగదు, ఊరికే నిలబడుతుంది. రోప్ మీద మధ్యలో తడి గోనెసంచి కప్పాలి, తెగితే ఎగరకుండా. దాన్ని ఎవరూ దాటకూడదు. చేతులకు తోలు తొడుగులుండాలి, ఉక్కు రోప్ పోగులు లేచి ముళ్లలా గుచ్చుకుంటాయి.

జేసీబీని పిలిస్తే పోలా అంటారు కొందరు. కోత మిషను దిగబడితే పిలవాల్సిందే, దాని బరువుకు ఈ చేతి వించ్ చాలదు. ట్రాక్టరుకైతే జేసీబీ వచ్చేదాకా కూర్చోవాలి, వచ్చాక నాలుగు గట్లు తొక్కించాలి, గంటకింతని కట్టాలి. జీపుల బంపరుకు పెట్టే కరెంటు వించ్‌లు మనకు పనికిరావు. పూర్తి బరువు మీద మూడు నాలుగు వందల ఆంపియర్లు లాగుతాయి, ట్రాక్టరు బ్యాటరీ నిమిషాల్లో చేతులెత్తేస్తుంది.

ప్రతి రైతూ వించ్ కొనాలని నేననను. ఏడాదిలో రెండుసార్లు పనికొచ్చేదాన్ని ఇంటికొకటి కొనడం దండగ. క్యాంపు సొసైటీలో ఒకటి ఉంటే చాలు. వించ్, ఇరవై మీటర్ల రోప్, కప్పీ, రెండు షాకిళ్లు, వెడల్పు బెల్టు, తొడుగులు, పార, గునపం అన్నీ ఒక ఇనుప పెట్టెలో. వించ్ ఒక్కటే పాతిక కిలోల పైన ఉంటుంది కాబట్టి పెట్టె మోయడానికి ఇద్దరు కావాలి. ఎరువులు, విత్తనాలు, అప్పులు చూసుకునే సొసైటీకి ఇది పెద్ద బరువు కాదు. కర్ణాటక ప్రభుత్వం హోబ్లీల్లో 'కృషి యంత్రధారె' పేరుతో యంత్రాలు అద్దెకిచ్చే కేంద్రాలు పెట్టింది. రోటవేటర్ అద్దెకిచ్చే చోట, అది దిగబడితే బయటికి తీసే పరికరం కూడా ఉండాలని అడగడం గొంతెమ్మ కోరికేం కాదు. అర్జీ పెట్టాల్సింది మనమే. సంతకాలు క్యాంపు వాళ్లవే కాకుండా పక్క ఊరి కన్నడ రైతులవీ ఉంటే మేలు, వాళ్ల ట్రాక్టర్లూ అదే బురదలో దిగుతున్నాయి.

వాడే పద్ధతి కన్నడంలోనూ తెలుగులోనూ పెద్దక్షరాల్లో రాసి పెట్టె మూత లోపల అతికించాలి. ఇంగ్లీషు పుస్తకం పెట్టెలో ఉంటే డ్రైవరుకు ఒరిగేదేమీ లేదు. జూలైలో కాలువకు నీళ్లొదిలే ముందు ఒక ఆదివారం డ్రైవర్లందరినీ పిలిచి, పొడి నేల మీద ట్రాలీ పెట్టి, ఒకసారి లాగించి చూపిస్తే సరిపోతుంది.