ఓడ యెక్కకముందు ఈత



“ఓడమీద ఉద్యోగము చేయబోవు పిల్లకు ఈత యెందులకు వదినా? ఓడ మునుగుననియా?” అని మా ఆడపడుచు ఈ వేసవిలో మమ్మడిగెను. ఆమె కూతురు పదునెనిమిదేండ్లది. ఇంటరు ముగించి నౌకాదళమున నావికురాలుగా చేరగోరి, పరీక్షకు చదువుకొనుటకై మా యింట నుండెను. లెక్కలు మావారు చెప్పుచుండిరి. పరుగు తనంతట తానే సాధించుచుండెను. ఈతమాట మాత్ర మెవరికిని తోచలేదు.

ఆమె ప్రశ్న అసంగతము కాదు. చేరుటకు ముందే ఈత వచ్చియుండవలెనను నిర్బంధము లేదు. శిక్షణలో వారే నేర్పుదురు. వైద్యశాఖకు వెలుపల స్త్రీలు మన నౌకాదళమున అధికారిణులుగా 1992లో ప్రవేశించిరి. నావికురాండ్రుగా చేరుట 2022లో అగ్నిపథ పథకముతో మొదలయ్యెను. ఒడిశాలో చిలికా సరస్సు ఒడ్డుననున్న శిక్షణాలయమునుండి వారి మొదటిజట్టు 2023 మార్చిలో వెలువడెను. కాని అచట గడపునది కొలదిమాసములే. కవాతు, పాఠములు, ఆయుధవిద్య, క్రొత్తమనుష్యులు, ఇంటిబెంగ, ఇన్నిటితోపాటు నీటిభయమునుగూడ అక్కడనే జయింపవలెనన్న పిల్ల కెంత బరువు! అమెరికా నౌకాదళమున 50 గజము లీదుట, 5 నిముషములు బోరగిల తేలుట, ఎత్తునుండి నీట దూకుట మొదటిమెట్టు పరీక్ష. ఇందు ఒక్కటియైన ఒక్కనాటిలో వచ్చునది కాదు.

ఇంత తెలిసియు మేము మొదట ఊరకుంటిమి. కారణము చెప్పుకొనుట కష్టమైనను చెప్పెదము. మా తమ్ముడు పదునొకండవయేట గోదావరి కాలువలో పోయెను. రేవున నలుగురు స్త్రీలు బట్టలుతుకుచుండిరి; మేమును మెట్లమీదనే యుంటిమి. వాడు కేక వేయలేదు. మునుగువానికి ఊపిరి తీయుటకే తెరపి యుండదు, ఇక కేక యెక్కడిది? నీరు చప్పుడు లేకుండ మనిషిని తీసికొనిపోవునని ఆనాడు మా కెరుకలేదు. అటుపిమ్మట మా యింట పిల్లలెవ్వరిని నీటిచెంతకు పోనీయలేదు. అదియే ప్రేమ యనుకొంటిమి. గజేంద్రుడు బలములేక చిక్కెనా? నీరు తన తావు కాకపోవుటచేత చిక్కెను. మా తమ్ముడు నీటికి పోయినందున గాక, నీటి నెరుగనందున పోయెనని తెలియుటకు మాకు ఇరువదియేండ్లు పట్టెను.

పట్టణపు ఈతకొలనులో ఉదయము ఆరుగంటలకు స్త్రీలకొక గంట కలదు, నేర్పునదియు స్త్రీయే. కోడలికి తోడుగా పోయి గట్టున కూర్చుంటిమి. మూడవనాడు “అత్తయ్యా, మీరును దిగరాదా?” అని అది చేయి చాచెను. కాళ్లు వణకుచుండగా దిగితిమి.

మొదటివారము ఈత లేదు, ఊపిరియే పాఠము. రొమ్ములోతు నీట నిలిచి, ముఖము ముంచి గాలిని మెల్లగా విడువవలెను; ముఖమెత్తి పీల్చవలెను. పిదప వెల్లకిల తేలుట. గుండెనిండ గాలి యున్నపుడు మనదేహము నీటికంటె కొంచెము తేలిక. చెవులు నీటిలో నుంచి, గడ్డ మెత్తి, పొట్ట పైకి తెచ్చినచో నీరే మోయును. బెదరి చేతులు పైకెత్తినచో ఆ బరువే తలను క్రిందికి ద్రోయును. సముద్రజలము లీటరులో సుమారు 35 గ్రాముల యుప్పు కలదగుటచే ఇంకను సులువుగా తేల్చును. అలల కోర్చుట మాత్రము వేరు విద్య. తేలుట వచ్చినపిమ్మట కాళ్లాడించుట, తుదకు చేతులు. ఆరువారములలో కోడలు 25 మీటర్ల కొలనును ఆగక రెండుమారు లీదెను. మేము తేలుటవరకే వచ్చితిమి. చెవులు నీట మునిగి లోక మంతయు నిశ్శబ్దమైన ఆ మొదటిక్షణమున తమ్ముడు జ్ఞప్తికి వచ్చెను. ఏడ్చితిమి, అయినను మునుగలేదు.

ప్రపంచ ఆరోగ్యసంస్థ లెక్కప్రకారము 2021లో సుమారు 3 లక్షలమంది నీట మునిగి మరణించిరి. వారిలో దాదాపు సగము 29 ఏండ్లలోపువారే. కావున ఓడ యెక్కువారికే గాదు, ఒడ్డున నుండు మనకును ఈ విద్య కావలెను. అయితే ఒంటరిగా దిగరాదు; తెలిసినవారు చెంత నుండవలెను; పారుకాలువలో తొలిపాఠము తగదు. ఆదుకొన బోవువారు తాము దూకక ముందుగా త్రాడో, కఱ్ఱయో, చీరచెఱగో అందింపవలెను.

మా ఆడపడుచునకు మా సమాధాన మిదియే: ఓడ మునుగుననికాదు, నీటిని చూచి నీ బిడ్డ మనస్సు మునుగకుండుటకు. పరీక్షాఫలిత మింకను రాలేదు. ఉద్యోగము వచ్చినను రాకున్నను వచ్చిన ఈత మరల పోదు. మొన్న ఆమెయు కొలనునకు వచ్చి, చీర కుచ్చిళ్లు కొంచె మెత్తిపట్టి, మెట్టుమీద పాదములు నీట నుంచి కూర్చుండెను. మేము తొందర పెట్టలేదు.