పాతింటి మరమ్మతు

సంక్రాంతికి పిల్లలు ఊళ్ళకు వస్తారు. కనుమ వెళ్ళిన మర్నాడు అందరూ అరుగు మీద చేరినప్పుడు ఇంటి మాట వస్తుంది. 'ఏదో ఒకటి చెయ్యాలి' అంటారు పెద్దవారు. నూరేళ్ళు దాటిన మండువా లోగిళ్ళు ఇంకా నిలబడి ఉన్న గోదావరి ఊళ్ళలో ఏటా వినబడే మాటే ఇది. అన్నదమ్ముల్లో ఒకరిది హైదరాబాదు, ఒకరిది డాలస్. పడగొట్టి డాబా వేద్దామని ఒకరు, తాతగారి ఇల్లు కదపొద్దని ఇంకొకరు. వాట్సాప్‌లో నెలరోజులు నలిగాక మధ్యేమార్గం ఒకటి తేలుతుంది: వంటిల్లూ మండువా బాగుచేయిద్దాం, మిగతాది తర్వాత చూద్దాం. మాఘంలో మేస్త్రీ దిగుతాడు. తొలకరి లోపు పని ముగియాలి.

మంచి నిర్ణయమే. కానీ అలా బాగుపడిన ఇళ్ళు కొన్ని చూస్తే వ్యవహారం తలకిందులైనట్టు కనబడుతుంది. మార్చవలసిన వంటింటిని జ్ఞాపకాల పేరుతో అలాగే వదిలేస్తున్నారు, లేదా కేటలాగు చూసి పెట్టెలా బిగించేస్తున్నారు. ముట్టుకోకూడని మండువాకు మాత్రం పైన రేకు, కింద టైలు, చుట్టూ గాజు తలుపులు.

ఈ ఇళ్ళు ఊరికే లేవలేదు. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది. దాని వెంట కాలువలు, కాలువల వెంట మాగాణి, మాగాణి వెంట డబ్బు వచ్చాయి. ఓడల్లో దిగిన బర్మా టేకు స్తంభాలైంది, దూలాలైంది. మంగుళూరులో బాసెల్ మిషన్ వారు 1865లో ఫ్యాక్టరీ పెట్టి మొదలెట్టిన మిషను పెంకు, క్రమంగా మన వైపు కూడా కప్పుకెక్కింది. 1996 నవంబరు 6 తుపాను కోనసీమ మీద విరుచుకుపడినప్పుడు పెంకులు లేచిపోయిన ఇళ్ళు ఎన్నో. తర్వాత కప్పు దించి స్లాబు వేసుకున్నవారిని తప్పుపట్టలేం. ఆ రాత్రి చూసినవారి భయం వారిది.

అయితే ఆ ఇళ్ళ ప్లానులోనే మనుషుల హోదా రాసి ఉంది. వీధి అరుగు మగవారిది. కాలువ మీంచి వచ్చే గాలి ముందు వారికే తగిలేది. వంటిల్లు వెనక, ఆగ్నేయ మూల. ఒకే కిటికీ, అదీ పెరట్లోకి. తల వంచితే గాని దూరలేని గుమ్మం, ఎత్తు గడప. దినంలో ఎక్కువ గంటలు పనిచేసే మనిషికి ఇంట్లోకెల్లా తక్కువ వెలుతురున్న గది ఇచ్చారు. పీట మీద కూర్చుని గాడిపొయ్యి ఊదుతూ నలభై ఏళ్ళు గడిపిన అత్తగారి మోకాళ్ళనూ, ఆవిడ దగ్గునూ ఎవరూ ఆ ఇంటి ఘనతలో లెక్కవేయలేదు. దాలిలో కాగిన ఎర్రటి పాల మీగడ గురించి, కట్టెల పొయ్యి మీద ఉడికిన పప్పు గురించి పేజీలకు పేజీలు రాసినవారిలో ఊదుగొట్టం పట్టినవారు ఎందరో చెప్పడం కష్టం కాదు.

గ్యాసు వచ్చింది. ఉమ్మడి రాష్ట్రంలో 1999లో దీపం పథకంతో చాలా పల్లెటూరి వంటిళ్ళకు తొలిసారి సిలిండరు చేరింది. పొగ పోయింది గాని గది మారలేదు. పొయ్యి ఉన్న చోటే ఒక చెక్కబల్ల వేసి దానిమీద స్టవ్వు పెట్టారు, అంతే. అందుకే ఈ వంటింటి విషయంలో మొహమాటం అక్కర్లేదు. కిటికీ పెద్దది చేయండి. గడప దించండి. రుబ్బురోలు పెరట్లోకి పోయి పూలమొక్కకు కుండీ అయితే కానీయండి, దానికి కన్నీళ్ళెందుకు? మిక్సీ కొన్న రోజున ఎవరూ ఏడవలేదు కదా.

కానీ కేటలాగు వంటిల్లు కూడా ఒక పట్టాన మన ఇంటికి ఒదగదు. గట్టు సంగతే చూడండి. కంపెనీవారు బిగించే గట్టు సుమారు 34 అంగుళాలు ఉంటుంది. దానిమీద స్టవ్వు, స్టవ్వు మీద గిన్నె. అయిదడుగుల మనిషి ఆ గిన్నెలో గరిటె తిప్పాలంటే భుజం చెవి దాకా లేస్తుంది. పప్పు ఎనపడం అయితే ఇక చెప్పనక్కర్లేదు. పొయ్యి ఉండే భాగం మూడు నాలుగు అంగుళాలు దించి, గిన్నెలు కడిగే సింకు వైపు కాస్త పెంచితే నడుమూ బతుకుతుంది, భుజమూ బతుకుతుంది. మేస్త్రీకి ఇది పెద్ద పని కాదు. ఎవరైనా అడిగితే చేస్తాడు. అడిగేవారే ఉండరు, ఎందుకంటే కొలతల రోజున మేస్త్రీతో మాట్లాడేది ఇంటి మగవారు.

ఇప్పుడు మనం మాడ్యులర్ అంటున్న వంటింటికి ముత్తవ్వ జర్మనీలో ఉంది. ఫ్రాంక్‌ఫర్ట్ నగరం సామాన్యులకు కట్టించిన ఇళ్ళ కోసం 1926లో మార్గరెట్ షుట్టె-లిహోట్స్కీ అనే ఆస్ట్రియా వాస్తుశిల్పి ఒక వంటగది గీసింది. రెండు మీటర్లయినా లేని వెడల్పు, మూడున్నర మీటర్లకు కాస్త తక్కువ పొడవు. ఏ డబ్బా ఎక్కడుండాలో, పొయ్యికీ గిన్నెల బల్లకూ ఎన్ని అడుగుల దూరముండాలో లెక్కవేసి, ఇల్లాలి శ్రమ తగ్గించాలన్న మంచి ఉద్దేశంతో చేసిన పని. అటువంటి వంటిళ్ళు ఆ నగరంలో వేల సంఖ్యలో లేచాయి. అయితే ఆ గది ఒక్క మనిషి కోసం కొలిచినది. మన పాత వంటిల్లు చీకటిగా ఉన్నా విశాలమైనది. పెళ్ళికో వ్రతానికో అయిదుగురు ఆడవారు ఒకేసారి కూర్చుని కూరలు తరిగేందుకు చోటున్నది. అందులో మూడు వైపులా అల్మరాలు బిగిస్తే రోజూ వండే మనిషి ఒంటరిదవుతుంది. ఒక వైపు గట్టు చాలు. మధ్యలో నేల ఖాళీగా ఉండనివ్వండి. వీలైతే అక్కడ ఒక బల్ల. పండక్కి వచ్చిన వదినా, తోటికోడలూ, ఈ రోజుల్లో అల్లుడు కూడా, అక్కడే నిలబడి ఓ చెయ్యి వేస్తారు.

ఇంకో వేలంవెర్రి ఉంది. వంటింటికీ మండువాకూ మధ్య గోడ పడగొట్టి ఓపెన్ కిచెన్ చేయడం. ముందుగా చెప్పేదేమంటే ఆ గోడ మీద దూలం ఆని ఉంటుంది. పాత కట్టడాల్లో గోడలే బరువు మోస్తాయి, లోపల ఇనుము లేదు. ఇంజనీరుకు చూపించకుండా గునపం వేయకూడదు. రెండోది తాలింపు. ఎండుమిరప, ఇంగువ, ఆవాల ఘాటుకు ఇంటిల్లిపాదీ తుమ్మడం ఒకసారైతే సరదా, రోజూ అయితే కాదు. అంతకన్నా గోడలో మండువా వైపు ఒక మంచి కిటికీ తెరిస్తే, వండే మనిషికి మాటలూ వినబడతాయి, టీవీలో సీరియలూ కనబడుతుంది, కూర గిన్నె అందివ్వనూవచ్చు. చిమ్నీ గొట్టానికి కొత్తగా గోడ తొలవక్కర్లేదు. చాలా ఇళ్ళలో గాడిపొయ్యి పైన వదిలిన పాత పొగగూడే దానికి సరిగ్గా సరిపోతుంది.

ఆ పొగ మాట వచ్చింది కాబట్టి ఇదొకటి. మసి పట్టిన వాసాన్ని పురుగు ముట్టదని పెద్దల లెక్క. పొగ ఆగిపోయి పాతికేళ్ళయింది కనుక వంటింటి పైకప్పు కర్రను ఓసారి నిచ్చెన వేసి చూడటం మంచిది. గోళ్ళతో గీరితే మసి కింద కర్ర గట్టిగా ఉందో, పొడి రాలుతోందో తెలిసిపోతుంది. గట్టిగా ఉంటే జీడిపిక్కల నూనె పూస్తే చాలు. ఈ ఇళ్ళు చాలావాటికి రంగులకన్నా ఈ నూనే అవసరం.

గోడల దగ్గర అసలు తప్పు జరుగుతోంది. ఆ గోడలు మట్టితో, గానుగ సున్నంతో కట్టినవి. నేలలోంచి తేమ పీల్చుకుంటాయి, గాలికి వదిలేస్తాయి. వాటిమీద సిమెంటు పూత పూస్తే తేమకు దారి మూసుకుపోయి, లోలోపలే పైకి పాకుతుంది. రెండు వానాకాలాలు తిరిగేసరికి పూత బుడగలు కడుతుంది, ఉప్పు తెల్లగా పూస్తుంది, పెచ్చులు రాలతాయి. అప్పుడు మేస్త్రీని తిట్టి, మళ్ళీ సిమెంటే పూయిస్తాం. వంటింట్లో టైలు కావాలంటే స్టవ్వు వెనకా, సింకు వెనకా వేయండి, మిగతా గోడ సున్నానికే వదలండి. సున్నప్పని నెమ్మదిది, నిజమే. సున్నం రోజుల తరబడి నానాలి, ఇసుకతో కలిసి నలగాలి, కరక్కాయ నీళ్ళూ బెల్లమూ పడాలి, పూసిన పూత తడి గోనెల కింద మగ్గాలి. కరెంటు వైర్లకు గోడలు చెక్కించకుండా పైపైన గొట్టాల్లో నడిపించినా ఇంటి పరువేమీ పోదు.

ఇక మండువా. దాని మీద రేకు వేయాలన్న కోరికకు కారణాలున్నాయి. కోతులు, దొంగలు, దోమలు, జల్లు. ఇనుప చువ్వల గ్రిల్లు వేసుకోవచ్చు, వల కట్టుకోవచ్చు. వానజల్లు ఎక్కువైన చోట పైకప్పుకన్నా రెండడుగులు ఎత్తున, నాలుగు పక్కలా గాలికి ఖాళీ వదిలి గాజు వేసుకున్నా అర్థముంది. పూర్తిగా మూస్తే మాత్రం ఇల్లు ఉడుకుతుంది. వేడిగాలి ఆ నడిమి ఖాళీలోంచే పైకి పోతుంది, దాని చోటులోకి అరుగు వైపు నుంచీ పెరటి వైపు నుంచీ చల్లగాలి వస్తుంది. దారి మూసి, తర్వాత నాలుగు గదులకూ ఏసీలు కొనుక్కుంటున్నారు.

మండువా నేల మరీ సున్నితం. నాలుగు వాలుల నీళ్ళు ఆ గుంటలో పడి, తూములోంచి పెరటి కొబ్బరిచెట్లకు పోయేలా నూరేళ్ళ కిందట ఒక మనిషి చూపుతోనే వాటం పెట్టాడు. దాని మీద మూడంగుళాల కాంక్రీటూ, పైన నున్నటి టైలూ వేస్తే ఆ వాటం పోతుంది. మొదటి పెద్ద వానకు నీళ్ళు పడగ్గదిలో కనిపిస్తాయి. తూము ముందు బాగుచేయించి, తర్వాత నేల సంగతి చూడాలి. వాలులు కలిసే నాలుగు మూలల్లో రేకు దోనెలు చిల్లుపడ్డాయేమో కూడా చూడాలి. ఇంటి కారుడు సగం అక్కడే.

ఇవన్నీ తెలిసిన వడ్రంగులు, సున్నప్పని వారు తగ్గిపోతున్నారు. అమలాపురం, నరసాపురం చుట్టుపక్కల ఇంకా ఉన్నారు. చాలామంది డెబ్బై దగ్గరివారు. వారికి ఇప్పుడు పని ఇస్తే పక్కన ఒక కుర్రాడు నేర్చుకుంటాడు. సినిమావారు షూటింగుకు అద్దెకు తీసుకుని రంగులు కొట్టించే లోగిలి కన్నా, వానకు కారకుండా ఉండి, లోపల ఎవరో ఒకరు రోజూ అన్నం వండుకునే లోగిలే ఎక్కువ కాలం నిలుస్తుంది.

ఈ మాఘంలో పని మొదలుపెట్టేవారికి ఒక మనవి. కొలతల రోజున ఆ వంటింట్లో రోజూ నిలబడే మనిషిని మేస్త్రీ ఎదుట కూర్చోబెట్టండి. గట్టు ఎత్తు ఆమెనే చెప్పనివ్వండి. మండువా మీద కప్పు విషయం మాత్రం ఒక వానాకాలం అంతా ఆ ఇంట్లో ఉండి చూసిన తర్వాతే తేల్చండి.