అటక మీది క్యాసెట్టు పారేయకండి

1963 ఫిబ్రవరి 11న బీటిల్స్ కుర్రాళ్లు లండన్ స్టూడియోలో తమ తొలి ఆల్బమ్‌కు ఒక్క రోజులోనే పది పాటలు పాడేశారు. ఆ రోజు జాన్ లెనన్‌కు జలుబు. గొంతు చించుకుని పాడాల్సిన 'ట్విస్ట్ అండ్ షౌట్'ను అందుకే ఆఖరుకు అట్టేపెట్టారు. అరవై ఏళ్లు దాటినా ఈ సంగతులు ప్రపంచానికి తెలుసు. ఎందుకంటే, అక్కడివాళ్లు రాసి పెట్టుకున్నారు.

మరి మన వంగపండు ప్రసాదరావు పాటల సంగతో?

ఆయన 1943లో పార్వతీపురం దగ్గర పెదబొండపల్లిలో పుట్టారు. విశాఖ షిప్‌యార్డులో పనిచేశారు. 1972లో మొదలైన విప్లవ కళాబృందం జననాట్యమండలిలో ప్రజాగాయకుడు గద్దర్‌తో కలిసి కాలికి గజ్జె కట్టారు. అంతకు మూడేళ్ల ముందు నేలకొరిగిన విప్లవకవి సుబ్బారావు పాణిగ్రాహి జముకుల కథ చెప్పింది ఈ ఉత్తరాంధ్రలోనే. జముకును చంకన ఇరికించి, తోలు నడుమ నుంచి లాగిన తీగను మీటుతారు. బిగించే కొద్దీ స్వరం పైకి లేస్తుంది. ఈ పాటలకు ఊరి నడిబొడ్డే స్టూడియో.

వంగపండు పాట 'ఏం పిల్లడో ఎల్దమొస్తవ' 1986లో 'అర్ధరాత్రి స్వతంత్రం' సినిమాతో తెరకెక్కింది. 2009లో 'మగధీర'లో ఆ పల్లవి మళ్లీ మోగింది. హాల్లో ఈలలేసినవాళ్లలో ఎందరికి అది పార్వతీపురం పెద్దాయన పాటని తెలుసు?

అరకులో ఇప్పటికీ అదే వరస. థింసా నాట్యం మొదలవగానే ఫోన్లన్నీ పైకి లేస్తాయి. వీడియోలో మోరి ఊదినాయన పేరుండదు, పాట అందుకున్న అమ్మ పేరూ ఉండదు. జనం పాటకు పేర్లెందుకని కొందరంటారు. పాట అందరిదీ కావచ్చు. పాడిన గొంతు మాత్రం ఒకరిది. పేరు చెప్పినంత మాత్రాన పాట ఎవరి సొత్తూ అయిపోదు.

వంగపండు 2020 ఆగస్టు 4న, గద్దర్ 2023 ఆగస్టు 6న వెళ్లిపోయారు. వాళ్ల పక్కన కోరస్ పాడినవాళ్లు, డప్పు కొట్టినవాళ్లు పెద్దవాళ్లైపోతున్నారు. ఇళ్లలో మిగిలిన క్యాసెట్లకు మన్యం తేమతో బూజు పడుతుంది, టేపు మీది పూత రాలిపోతుంది. ఆంధ్ర విశ్వవిద్యాలయమో, విజయనగరం జిల్లాలోని కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయమో ఒక గది, ఒక రికార్డింగు యంత్రం, ఊరూరా తిరిగే ఇద్దరు మనుషుల్ని ఇస్తే ఈ పాటల్ని, పేర్లని భద్రపరిచే పని మొదలవుతుంది.

ఈలోగా మీరు చేయగలిగిందీ ఉంది. ఇంట్లో పాత క్యాసెట్టు ఉంటే పారేయకండి. అందులో పాడిందెవరో, ఏ ఊళ్లోనో, ఏ ఏడాదో పెద్దల్నడిగి అట్ట మీద రాయండి.

– మన్యవాసి