చేపకు పుట్టిన రాజు

ఒడ్డాది మత్స్య రాజుల మీద ఆ మధ్య ఒక సెమినార్‌కు వెళ్లాను. మాట్లాడిన పెద్దమనిషి వంశవృక్షం తెర మీద వేశారు. తండ్రి, కొడుకు, మనవడు. మూలపురుషుడి తల్లి సంగతేమిటని అడిగితే, అది కట్టుకథమ్మా, చరిత్ర కాదు అని నవ్వేశారు. హాలంతా నవ్వింది. మనవాళ్లు కూడా.

దిబ్బిడ తామ్రశాసనం శక సంవత్సరం 1191 నాటిది, అంటే క్రీ.శ. 1269. మత్స్య వంశపు అర్జునుడు బ్రాహ్మణులకు ఊరు దానమిస్తూ తన పుట్టుపూర్వోత్తరాలు చెక్కించుకున్నాడు. నారంగ మహర్షి, మత్స్య నది, ఆ నదిలో ఒక చేప. ఆ చేపకు పుట్టినవాడు సత్యమార్తాండుడు. ఉత్కళ రాజు జయత్సేనుడు తన కూతురు ప్రభావతిని అతనికిచ్చి ఒడ్డాది సీమకు పాలకుణ్ణి చేశాడు. అక్కణ్ణుంచి కథ తండ్రీకొడుకుల బాట పడుతుంది.

చేప అబద్ధమట. దాని కడుపున పుట్టిన కొడుకు మాత్రం వంశవృక్షంలో మొదటి పేరట! ఈ లెక్క మనకు కొత్తది కాదు. మహాభారతంలో అద్రిక అనే అప్సరస చేపై కవల పిల్లల్ని కంటుంది. మగపిల్లవాణ్ణి ఉపరిచర వసువు తీసుకున్నాడు, వాడు మత్స్య రాజయ్యాడు. ఆడపిల్లను చేపల వాసనేస్తోందని పల్లెవాడికి ఇచ్చేశారు. ఆ పిల్లే సత్యవతి.

డుంబ్రిగుడ వెళ్లి చాపరాయి మీద కూర్చున్నప్పుడు ఆ నవ్వే గుర్తొచ్చింది. ఈ కొండల్లో కొర్ర అంటే సూర్యుడు, కిల్లో పులి, పాంగి గద్ద, వంతల పాము. చేప వంశమూ ఉంది. పాడేరు వైపు మత్స్యరాస అనే ఇంటిపేరు ఇప్పటికీ ఉంది. మత్స్యగెడ్డా ఆ కొండల్లోదే. చేప గుర్తు ఈ మనుషులది. కింది నుంచి ఏలవచ్చినవాడికి కొండపిల్ల ఎవరో తల్లయి ఉంటుందని, ఆ మాట ఒప్పుకోలేక శాసనం రాసిన పండితుడు ఆమెను నదిలోకి దింపాడని నా ఊహ. రుజువు లేదు. నారంగ మహర్షికి మాత్రం రుజువుందా?

గుర్తును మాత్రం వదులుకోలేదు. మాడుగుల జమీందార్లకు చేప ఆకారపు రాతి సింహాసనం మీద పట్టాభిషేకం జరిగేదనీ, జెండా మీదా సంతకంలోనూ చేపే ఉండేదనీ థర్‌స్టన్ రాశాడు. తల్లి సంతకమైంది, మనిషి కాలేదు.

ఇక ప్రభావతి. ఆమెతో పాటు నేల వచ్చింది. ఆమెకు రాలేదు, ఆమె మొగుడికి వచ్చింది. అరణపు ఆవు వెంట దూడ వచ్చినట్టు! ఆడవాళ్లకు రాతి మీద చోటే లేదని కాదు. వెలనాటి గొంకరాజు రాణి సింహాచలం స్వామికి బంగారు తొడుగు చేయించింది, 12వ శతాబ్దంలో. అది చెక్కారు. ఇస్తే చెక్కుతారు, ఇచ్చేది దేవుడికైతే మరీను.

అలాగని ఆదివాసీ సమాజాన్ని స్వర్గం చేయబోవడం లేదు. అక్కడా వంశం తండ్రిదే. 1956 హిందూ వారసత్వ చట్టం షెడ్యూల్డు తెగలకు వర్తించదని దాని రెండో సెక్షన్లోనే ఉంది. ఆదివాసీ స్త్రీ వాటాను కాదనే ఆచారం ఉందని రుజువు కానప్పుడు ఆమె వారసులకు ఆ వాటా ఇవ్వాల్సిందేనని సుప్రీంకోర్టు చెప్పడానికి 2025 జూలై దాకా పట్టింది. 2006 అటవీ హక్కుల చట్టం కొంచెం నయం. భార్యాభర్తలిద్దరి పేరా పట్టా ఇవ్వాలంది.

డుంబ్రిగుడ దగ్గర నేను దిగిన ఇంట్లో ఆ పట్టా ట్రంకుపెట్టె అడుగున ఉంది. పసుపు అంటిన చేతులు చీరకు తుడుచుకుని ఆమె తీసి చూపించింది. పేరు రెండో వరసలో ఉంది, ఒక అక్షరం తప్పు. దిద్దించలేదా అంటే, నాలుగుసార్లు తిరిగానంది. నీ తరవాత ఇది ఎవరికి అన్నాను. కొడుక్కి అంది. మరి కూతురు?

ఆ పిల్లకు పెళ్లయిపోయింది గదా అని పట్టా మడిచి పెట్లో పెట్టేసింది.