బౌలరు గొప్పతనమునకు కొలత యేది?

క్రికెట్టు క్రీడ మన దేశమున పట్టణములను దాటి పల్లెలలోని రచ్చబండల వరకు వ్యాపించినది. ఆట ముగిసిన పిదప ఆటను గూర్చిన వాదము లారంభమగుచున్నవి. అందు ఎంతకును తెగని వాదము బౌలరులను గూర్చినది. అందరిలో నెవడు గొప్పవాడను ప్రశ్నకు పెక్కుమంది చెప్పు సమాధానము వికెట్ల పట్టిక. ఎవనికి వికెట్లెక్కువో వాడే గొప్పవాడట! ఈ తీర్పు సులభమైనదే కాని న్యాయమైనది కాదని మా యభిప్రాయము. పట్టిక సాక్షియే కాని న్యాయాధిపతి కాదు. సాక్షిని ప్రశ్నింపక తీర్పు చెప్పుట ఏ న్యాయస్థానమునను చెల్లదు.

మొదట సంఖ్యనే చూతము. శ్రీలంకకు చెందిన ముత్తయ్య మురళీధరన్ 2010వ సంవత్సరమున గాలె పట్టణమున తన కడపటి టెస్టునందు, తాను వేసిన కడపటి బంతితో 800వ వికెట్టును గైకొనెను. ఆస్ట్రేలియా వాడగు షేన్ వార్న్ 708 వికెట్లతో విరమించెను. ఇంగ్లండు బౌలరు సిడ్నీ బార్న్స్ పడగొట్టినవి 189 మాత్రమే. ఇంతవరకే చదివినవారికి బార్న్స్ అల్పుడుగ కన్పట్టును. కాని మురళీధరన్ ఆడిన టెస్టులు 133, వార్న్ ఆడినవి 145. బార్న్స్ 1901 మొదలు 1914 వరకు ఆడినవి 27 మాత్రమే. అనగా టెస్టునకు సగటున ఏడేసి వికెట్లు! మొత్తమును మాత్రమే చూచువారు అవకాశమును పూజించుచున్నారు గాని శక్తిని కాదు.

అట్లయిన, వికెట్టునకు ఎన్ని పరుగులిచ్చెనో చూచిన చాలదా యని కొందరందురు. ఇది మేలైన కొలతయే. మన జస్‌ప్రీత్ బుమ్రా 2024 డిసెంబరున మెల్బోర్నులో 200 వికెట్లు పూర్తి చేయునప్పటికి ఒక్కొక్క వికెట్టునకు ఇచ్చిన పరుగులు 20కి లోపుగనే యున్నవి. టెస్టులలో 200 వికెట్లు తీసినవారియందు అట్టి సగటు గలవాడు అంతకు మున్ను లేడు. ఇది దేశమునకు గర్వకారణము. కాని 19వ శతాబ్దిని ఇంగ్లండు తరఫున ఆడిన జార్జి లోమన్ సగటు 10.75. ఆ దినములలో పిచ్‌ను వానకు కప్పి కాపాడు ఏర్పాటు లేదు. తడిసి యారిన నేలపై బంతి యెటు పోవునో బ్యాట్స్‌మన్‌కు తెలియకుండెను. ఆ నేలపై 10 పరుగులకును ఈ నేలపై 20 పరుగులకును విలువ యొక్కటి కాదు. ఇక వార్న్ అంతటివాడు భారతదేశమున ఆడిన 9 టెస్టులలో గైకొన్నవి 34 వికెట్లు. ఒక్కొక్కదానికి 43 పరుగులిచ్చుకొనెను. నేల మారిన, ఎదుటివారు మారిన, అంకెయు మారును. నీరుగల మాగాణియందలి పంటను మెట్టపొలపు పంటతో పుట్లకు పుట్లు పోల్చి సేద్యగాని నేర్పును నిర్ణయించు రైతు మన జిల్లాలలో కలడా?

తోడును గూడ చూడవలయును. మాల్కమ్ మార్షల్ 376 వికెట్లు గైకొన్నపుడు వెస్టిండీసు పక్షమున హోల్డింగు, గార్నరు వంటి వేగపు బౌలరు లాతనికి తోడుగ నుండిరి. న్యూజిలాండు వాడగు రిచర్డ్ హాడ్లీ ఆ పక్షపు బరువును పెక్కుమారు లొంటిగ మోసి 86 టెస్టులలో 431 వికెట్లు గైకొనెను. తోడు లేనివానికి వికెట్లెక్కువ మిగులునని ఒకరు, తోడున్నవానికి ఎదుటివాడు బెదరి లొంగునని మరొకరు వాదింతురు. రెండును సత్యములే. 1970 ప్రాంతమున బేడీ, ప్రసన్న, చంద్రశేఖర్, వెంకటరాఘవన్ నలువురును ఒకే వికెట్లను పంచుకొనవలసి వచ్చెను. వారి నెవరి నెవరికి తక్కువయని చెప్పగలము?

ఇవి యన్నియు పట్టిక కెక్కినవారిని గూర్చిన మాటలు. పట్టికకే ఎక్కనివారి మాటయేమి? మా వాదమునకు ఇదియే ప్రాణము.

పల్వంకర్ బాలూ అస్పృశ్యులని సంఘము వెలివేసిన చర్మకార కుటుంబమున జన్మించెను. పూనాలో తెల్లవారి క్లబ్బున ఆటస్థలమును బాగుచేయు కొలువునందుండి, వారికి బంతులు వేసి వేసి ఎడమచేతి స్పిన్ విద్య నలవరచుకొనెను. పిదప హిందువుల జట్టు ఆతని నేర్పును కోరినది, కాని ఆతని పంక్తిభోజనమును కోరలేదు. ఆతనికి తేనీరు వెలుపల, పారవేయు మట్టిపాత్రలో నిచ్చుచుండిరి. 1911వ సంవత్సరమున ఇంగ్లండు వెళ్లిన భారత జట్టునందు ఆతడు నూటికి పైగ వికెట్లు పడగొట్టెను. ఐనను హిందూ జట్టు నాయకత్వ మాతనికి దక్కలేదు. భారతదేశము తొలి టెస్టు నాడినది 1932లో, తెలుగు కుటుంబమునకు చెందిన సి. కె. నాయుడు నాయకత్వమున. అప్పటికి బాలూ వయసు మీరెను. టెస్టుల పట్టికలో ఆతని పేరెదుట సున్నయైనను లేదు. అసలు పేరే లేదు. ఆ లోపము ఆతనిది కాదు, మనది.

ఇది గతించిన కథయని తృప్తి పడుటకును వీలు లేదు. రాజిందర్ గోయల్ రంజీ పోటీలలో 637 వికెట్లు తీసియు ఒక్క టెస్టైనను ఆడలేదు. బేడీ యుండుటచే జట్టున మరియొక ఎడమచేతి స్పిన్ బౌలరునకు చోటు చిక్కలేదు. 2017లో నాయుడు పేరిటి పురస్కారమును ఆతనికిచ్చి క్రికెట్టు బోర్డు ఆలస్యముగ నైనను మర్యాద చేసెను. ఝులన్ గోస్వామి 2002 మొదలు 2022 వరకు దేశమునకు ఆడి ఒకదినపు పోటీలలో 255 వికెట్లు గైకొనెను. ఆమెకు లభించిన టెస్టులు 12. దాదాపు అంతే కాలమాడిన ఇంగ్లండు బౌలరు జేమ్స్ ఆండర్సన్‌కు లభించినవి 188. ఈ యిరువురిని వికెట్ల మొత్తముతో పోల్చుట పోలికయగునా?

అంకెలను విడిచినచో ఎవరి ప్రాంతాభిమానము వారికి ప్రమాణమగునని కొందరు భయపడుదురు. ఆ భయము నిరాధారము కాదు. కాని మేము అంకెలను త్రోసివేయుమనుట లేదు. ఎన్ని వికెట్లని అడిగిన వెంటనే ఎన్ని ఆటలలో, ఎట్టి నేలపై, ఎవరిపై, ఎవరి తోడుతో నని కూడ అడుగుడని మాత్రమే కోరుచున్నాము. కడపట ఇంకొక ప్రశ్న: ఆ కాలమున ఆతనితో సమానుడైన వానికెవనికైన బంతి నందనీయక పోయిరా?

ఎంపిక సంఘములవారు ఈ కడపటి ప్రశ్నను ముఖ్యముగ గమనింపవలయును. కాగితముపై నున్న మొత్తములను చూచి పేర్లు వ్రాయుట మాని, గట్టినేలలపై బంతి వేయు గ్రామ బాలురను స్వయముగ పోయి చూడవలయును. స్త్రీలకు టెస్టుల సంఖ్యను హెచ్చింపవలయును. గొప్పవానిని ఎంచుటకంటె గొప్పవాడు కాగలవానికి దారి మూయకుండుట పెద్ద ధర్మము. బాలూకు చేసిన అన్యాయమును పట్టికలో దిద్దజాలము; దానిని మరల జరుగనీయకుండుట మాత్రము మన చేతిలోనిది.