మన పాటకు మన గొంతు

హాస్టల్ వార్షికోత్సవం అనగానే మనకు మొదట గుర్తొచ్చేది సినిమా పాటల డ్యాన్సులే. పెన్‌డ్రైవులో పది పాటలు ఎక్కించుకొస్తే కార్యక్రమం సిద్ధం. సినిమా పాట చెడ్డదని మేము అనడం లేదు. కానీ సినిమాలో లేని పాటను "ప్రైవేటు పాట" అని పక్కన పెట్టే అలవాటు మాత్రం మంచిది కాదని మా అభిప్రాయం.

హైదరాబాదు "చౌరస్తా" బ్యాండునే చూడండి. వెనక హీరో లేడు, సినిమా లేదు. యూట్యూబులో పెట్టిన సొంత పాటలతోనే ఈ బృందం పల్లెపల్లెకూ చేరింది. "మాయ", "ఊరెళ్లిపోతా మామ" మనలో చాలామంది విన్నవే. వీళ్లు జానపదంతో కలిపింది రెగే సంగీతాన్ని. అది 1960లలో జమైకా దీవిలో, బానిసలుగా పట్టుకుపోయిన ఆఫ్రికా ప్రజల వారసులు ఉండే పేదపేటల్లో పుట్టింది. రెగేలో గిటారు దెబ్బకూ దెబ్బకూ మధ్య సందులో పలుకుతుంది. తాళం తొందరపెట్టదు. మాటకు చోటు దొరుకుతుంది.

ఒక బ్యాండు ఎదిగిందని ఎట్లా తెలుస్తుంది? వాయిద్యాలు పెరిగినందుకు కాదు. బయటి నుంచి తెచ్చుకున్న బాణీ మన మాటతీరుకు లొంగితే ఎదిగినట్టు. "ఊరెళ్లిపోతా మామ"లో పట్నంలో ఇమడలేక ఊరివైపు చూసే మనిషి ఉన్నాడు. వాన లేక శనక్కాయ పంట పోయిన ఏడు బెంగళూరు బస్సెక్కే కళ్యాణదుర్గం వాళ్లకు ఆ మనిషిని ఎవరూ పరిచయం చేయనక్కరలేదు. 2020లో కరోనా వచ్చినప్పుడు అదే బృందం జాగ్రత్తలు చెబుతూ పాట కట్టింది. నలుగురికీ పనికొచ్చే మాటను పాటగా చెప్పగలగడం కూడా ఎదుగుదలే.

ఆ బృందంలో పాడిన రామ్ మిరియాల తర్వాత సినిమాల్లోనూ పేరు తెచ్చుకున్నారు. 2022లో "డీజే టిల్లు" టైటిల్ పాట, 2023లో "బలగం"లో పల్లెటూరి పాట పాడారు. సొంత గొంతు నిలబెట్టుకున్నవాణ్ణి సినిమానే వెతుక్కుంటూ వస్తుందని దీన్నిబట్టి మనం తెలుసుకోవాలి.

"గిటార్లకూ డ్రమ్ములకూ మనకు డబ్బులెక్కడివి?" అని కొందరు తమ్ముళ్లు అడుగుతున్నారు. మన ఇళ్లలో తప్పెట లేదా? ఊరి పెద్దలు పిలిస్తే చావుకూ జాతరకూ కొట్టి తీరాల్సిన వాద్యం కాబట్టి మన పెద్దల్లో చాలామంది దాన్ని వదిలేశారు. అది న్యాయమే. అయితే మన ఇష్టంతో, మన వేదిక మీద, మన మాట చెప్పడానికి వాయిస్తే అదే తప్పెట అర్థం మారిపోతుంది. 2018 జనవరిలో చెన్నైలో దర్శకుడు పా. రంజిత్ చొరవతో "ది క్యాస్ట్‌లెస్ కలెక్టివ్" బృందం తొలి కచేరీ చేసింది. పేటల గానా పాటనూ, తప్పెటకు దగ్గరి చుట్టమైన పరైనీ గిటారు పక్కన నిలబెట్టింది. కులం వద్దని తలెత్తుకుని పాడింది.

అందుకే మా కోరిక ఒక్కటే. వచ్చే వార్షికోత్సవంలో ఒక అరగంట సొంత పాటలకు కేటాయించాలి. పదో తరగతి వాళ్లు రాయండి, చిన్నవాళ్లు కోరస్ అందుకోండి. పూర్వ విద్యార్థులైన అన్నలు పాత గిటారు ఉంటే ఇవ్వండి, లేదంటే నెలకొక ఆదివారం వచ్చి నేర్పండి. మొదట్లో తాళం తప్పుతుంది, గొంతు జీరపోతుంది. తప్పెట కూడా సెగ చూపించందే పలకదు. ఆ సెగ మనమే పెట్టాలి.