ఈ సినిమా చూస్తే ఉద్యోగం రాదు

ఇంగ్లిష్ సినిమా చూస్తున్నా ‘కమ్యూనికేషన్ స్కిల్స్ కోసం’ అని ఇంట్లో సర్దిచెప్పుకోవాల్సి వస్తోందా? అయితే మీకో పనికిరాని సినిమా చెప్తాను. ఫ్రెంచ్‌ది. పేరు ‘ఓఎస్ఎస్ 117: కైరో, నెస్ట్ ఆఫ్ స్పైస్’. 2006లో వచ్చింది. దీంతో కోడింగ్ రాదు, ఆప్టిట్యూడ్ పెరగదు. సబ్‌టైటిల్స్ పెట్టుకుని చూస్తాం కాబట్టి ఫ్రెంచ్ కూడా రాదు.

1949లో జాన్ బ్రూస్ అనే రచయిత ఈ 117 ఏజెంటును పుట్టించాడు. జేమ్స్ బాండ్ మొదటి నవల వచ్చింది 1953లో. అంటే మనవాడే సీనియర్. (మన కృష్ణ ‘గూఢచారి 116’కి పక్క నంబరు కూడా!) ఆ సీరియస్ హీరోని తీసుకుని దర్శకుడు మిషెల్ హజానావిసియస్ శుద్ధ మొద్దును చేశాడు. జాన్ డుజార్డిన్ ఆ వేషం వేశాడు. సూటు, దువ్విన జుట్టు, ఎగరేసిన కనుబొమ్మ, బుర్రలో మాత్రం ఏమీ లేదు.

కథ 1955 కైరోలో. బయటికి మనవాడు కోళ్ల కంపెనీ ఓనరు. షెడ్డులో లైటు వేస్తే కోళ్లన్నీ ఒక్కసారిగా కూస్తాయి, ఆర్పితే ఊరుకుంటాయి. ఇది కనిపెట్టాక దేశ రహస్యాలు గాలికొదిలేసి స్విచ్‌తో ఆడుకుంటూ కూర్చుంటాడు. ఇందులో ఏముంది అంటారా? చూస్తే తెలుస్తుంది, నవ్వు ఆగదు. ఈజిప్టువాళ్లకు మెహర్బానీగా ఫ్రెంచ్ అధ్యక్షుడు రెనె కోటీ ఫొటోలు పంచుతాడు. నాలుగు వేల ఏళ్ల కిందటే సూయజ్ కాలువ తవ్వారంటే ఎంత ముందుచూపో అని మెచ్చుకుంటాడు. పక్కనున్న లార్మినా (బెరెనిస్ బెజో) ‘86 ఏళ్ల కిందట’ అని సరిదిద్దుతుంది. మరుసటి ఏడాదే, 1956 జులైలో నాసర్ ఆ కాలువను జాతీయం చేశాడన్నది గుర్తుంటే జోకు ఇంకా గట్టిగా తగులుతుంది. నవ్వు ఈజిప్టు మీద కాదు, తనకే అన్నీ తెలుసనుకునే ఆ దొరగారి మీద.

చౌకబారుగా కనిపించడానికి వీళ్లు పడ్డ కష్టం మామూలుది కాదు. కారు సీన్లలో వెనక తెర మీద రోడ్డు పరిగెడుతుంటుంది, పాత సినిమాల్లోలాగే. లైటింగు, రంగులు, ఫైట్లు అన్నీ ఆ కాలానివే. మధ్యలో కాస్త సాగుతుంది, ఒప్పుకుంటాను. దర్శకుడు, హీరో, హీరోయిన్ ఈ ముగ్గురే తర్వాత ‘ది ఆర్టిస్ట్’ తీసి ఐదు ఆస్కార్లు కొట్టారు. ఇంట్లో అడిగితే ఆ పేరు చెప్పుకోండి.

రిజల్టు కోసం నెలల తరబడి ఎదురుచూసేవాళ్లకి గట్టిగా నవ్వినా తప్పు చేసినట్టే ఉంటుంది. ‘ఇది నాకేం పనికొస్తుంది?’ అన్న ప్రశ్న అన్నం దగ్గర కూడా వదలదు. సినిమాలనీ వదలట్లేదు, ప్రతిదాన్నీ ‘ఇంటర్వ్యూకి ఐదు పాఠాలు’గా పిండేస్తున్నాం. ఈ సినిమాలోనూ ఓవర్ కాన్ఫిడెన్స్ మీద ఒక పాఠం రెడీగా ఉంది. నేను మాత్రం రాయను. రోజంతా అప్లికేషన్లు నింపినవాళ్లకి ఒక గంటా నలభై నిమిషాలు ఊరికే నవ్వే హక్కుంది, దానికి లెక్క చెప్పక్కర్లేదు.

రూమ్మేట్లతో కలిసి చూడండి. డబ్బింగ్ వద్దు, సగం కామెడీ డుజార్డిన్ గొంతులోనే ఉంది. కోళ్ల సీను వచ్చేసరికి ఫోన్లు పక్కన పడేయండి.